గొంగడిలో మిగిలిన కరెంటు

మా బడిలో ఒక గది తలుపు మీద ‘సైన్సు ప్రయోగశాల’ అని నీలం రంగుతో రాసి ఉంటుంది. తలుపు తీస్తే బియ్యం మూటలు కనపడతాయి. మధ్యాహ్న భోజనం బియ్యం పెట్టుకోవడానికి బడిలో వేరే చోటు లేదు. మూటల వెనక ఒక చెక్క బీరువా, అందులో సగానికి విరిగిన గాజుకడ్డీ, రేకులు ఊడిపోయిన ఎలక్ట్రోస్కోపు, ఎవరో దాచి మరిచిపోయిన సుద్దముక్కల డబ్బా. పేరు గొప్ప, ఊరు దిబ్బ. చేరిన కొత్తలో ఆ మూటల కోసం హెడ్మాస్టరుతో రెండు నెలలు పోట్లాడాను. ఆయన ప్రతిసారీ ‘అట్లనే మేడమ్’ అనేవాడు. మూటలు మాత్రం కదల్లేదు.

మా బడి ఉన్న ఊరు పులివెందుల నుంచి లింగాల పోయే దారిలో, రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. నీళ్లు పడిన చోట అరటి, చీనీ తోటలు. పడని చోట గొర్రెలు. నేను పుట్టి పెరిగింది ప్రొద్దుటూరులో. తాత పురోహితం చేశాడు, నాన్న గుమాస్తాగా చేశాడు, నేను సుద్దముక్క పట్టుకున్నాను. ఇప్పుడు పులివెందులలో కాపురం ఉండి రోజూ బస్సులో పోయి వస్తాను. భౌతికశాస్త్రం చెప్పడం నా ఉద్యోగం. కోపం నాకు చెప్పకుండా వస్తుంది, చెప్పకుండానే పోతుంది. పిల్లలకు అది అలవాటైపోయింది, నాకే ఇంకా కాలేదు.

ఒక జనవరిలో ఎనిమిదో తరగతికి స్థిర విద్యుత్తు పాఠం వచ్చింది. పుస్తకంలో గాజుకడ్డీ, పట్టుగుడ్డ, ఎబొనైటు కడ్డీ అని రాసి ఉంది. వాటిలో మాకున్నది అర గాజుకడ్డీ ఒక్కటే. ఉన్నవాటితోనే చేద్దామని పిల్లలందరినీ ఇంటి నుంచి ఒక దువ్వెన తెచ్చుకోమన్నాను. చలికాలపు పొడి గాలి, ఇంతకంటే మంచి రోజులు ఈ ప్రయోగానికి దొరకవు.

కాగితం చింపి చిన్న చిన్న ముక్కలు చేసి బల్లల మీద పోశాము. అందరూ తలలు దువ్వుకుని, దువ్వెనలు ముక్కల దగ్గర పెట్టారు. ముక్కలు టక్కున అంటుకున్నాయి. ‘అంటుకున్యాయి మేడమ్!’ అని గది దద్దరిల్లింది. నాకు ఎంత సంతోషమో. అయితే ఒక దువ్వెన తీసుకుని చూద్దును కదా, వేళ్లు జారిపోతున్నాయి. ఆ ఊళ్లో తల్లులు పిల్లలను బడికి పంపేముందు కొబ్బరినూనె చెంపల మీదికి కారేదాకా పెడతారు. ముక్కలను పట్టుకున్నది విద్యుత్తు కాదు, నూనె. జిడ్డు ఉన్న తలలో విద్యుదావేశం నిలవదని చెప్తే పిల్లలు నమ్మలేదు. ‘అంటుకునింది గదా మేడమ్, ఇంకేం గావల్ల?’ అని ముందు బెంచీ పిల్లవాడు అడిగాడు. నాకు ఒళ్లు మండింది.

ఆ రోజు శుక్రవారం, నేను తలంటు పోసుకుని వచ్చాను. కోపంలో ఏమీ ఆలోచించకుండా జడ విప్పేసి, క్లాసు ముందు నిలబడి బరబరా దువ్వుకున్నాను. పిల్లలు నోళ్లు తెరిచి చూస్తున్నారు. దువ్వెన కాగితాలకు జానెడు దూరంలో ఉండగానే ముక్కలు లేచి నిలబడ్డాయి, గెంతాయి, దువ్వెనకు తగిలి మళ్లీ ఎగిరిపోయాయి. అంటుకోవడానికీ ఎగరడానికీ తేడా వాళ్ల కళ్లకే తెలిసిపోయింది. బడి కొళాయి సన్నగా విప్పి, దువ్వెన దగ్గర పెడితే నీటిధార పక్కకు వంగింది. తరగతి తరగతంతా కొళాయి మీద పడింది. ఆ గందరగోళంలో ఎవరో అడిగారు, ‘ఇది ఏంది మేడమ్?’ అని.

‘ఇది కూడా కరెంటే. మీ మోటారు తిప్పే కరెంటూ ఇదీ ఒక ఇంటి బిడ్డలే’ అన్నాను. చెప్పాక ఎంత బాగా చెప్పానో అని నాకు నేనే మురిసిపోయాను.

ఇంటిపని ఇచ్చాను. ఇంట్లో ఎక్కడెక్కడ చిటచిటలు వినపడతాయో, మెరుపులు కనపడతాయో వెతికి రాసుకు రండి అని. నాలుగు రోజుల్లో నలభై నోటుబుక్కులు నా బల్ల మీద చేరాయి. ప్లాస్టిక్ కుర్చీ మీద నుంచి లేచి ఇనుప గేటు పట్టుకుంటే చుర్రుమనడం, ప్రొద్దుటూరులో కొన్న పాలిస్టరు చీర కాళ్లకు చుట్టుకోవడం, చలికోటు విప్పితే వెంట్రుకలు లేచి నిలబడడం. చదవడానికి ముచ్చటగా ఉన్నాయి. ఒకడు వాళ్ల పిల్లిని దువ్వెనతో దువ్వి, చేతికి కట్టు కట్టుకుని వచ్చాడు. నేను బస్సులో కూర్చుని, ఒళ్లో పుస్తకాలు పెట్టుకుని, మొదటి రెండు లైన్లు చదివి రైటు కొడుతూ పోయాను. సగం దారిలో తల ఊగిపోతోంది. అయినా కొట్టాను.

ఆ పై వారం, గురువారం నాడు ఒక అవ్వ కర్ర పట్టుకుని నేరుగా స్టాఫు రూములోకి వచ్చింది. గొర్రెలు కాసే ఇంటి మనిషి. ఎనిమిదో తరగతిలో రెండో బెంచీలో కూర్చునే ఒక పాపకు నాయనమ్మ.

“టీచరమ్మా, నువ్వేనా కరెంటు పాఠం చెప్పేది?”

“నేనే అవ్వా. కూర్చో.”

“కూచునేదానికి రాల్యా. మా గొంగడి యాడుండాదో చెప్పు, పోతా.”

“మీ గొంగడి సంగతి నాకెట్ల తెలుస్తాది?”

“నీకే తెలుసంట. దాంట్లో కరెంటు ఉండాదని నువ్వే రైటు కొట్టినావంట. నాలుగు దినాలాయ, గొంగడి కనపల్యా. పాపను అడిగితే ‘మేడమ్ రైటు ఏసింది’ అంటాది గానీ ఇంకోమాట నోట్లోంచి రాదు. సోమారం నా కొడుకు మందెమ్మటి జమ్మలమడుగు తట్టు పోవల్ల. ఆ చలికి చేన్లో ఏం కప్పుకుంటాడు, నీ పుస్తకమా?”

పక్క టీచర్లు నవ్వు ఆపుకున్నారు. ఏటా శనగ కోతలయ్యాక ఆ ఊరి గొర్రెలవాళ్లు జమ్మలమడుగు నల్లరేగడి చేలకు మందలు తోలుకుపోతారు. ఎరువు కోసం రైతులు చేలల్లో మంద కట్టించుకుంటారు. వారాల తరబడి ఆకాశం కింద పడుకోవాలి, గొంగడి లేకుండా కుదరదు. అది నాకూ తెలుసు. అవ్వను కూర్చోబెట్టి ఆ పాప నోటుబుక్కు తెప్పించాను.

అందులో ఇట్లా ఉంది. ‘మా ఇంట్లో గొంగడి దులిపితే చిటచిటమంటుంది. తలుపులు మూస్తే మెరుస్తుంది. అది మా నాయనకు పట్టిన కరెంటు. అవ్వ గొంగడి వేసి నాయనను లాగినప్పుడు అందులోకి వచ్చింది. ఇంకా పోలేదు. దాన్ని ఎట్లా తీయాలి?’

ఆ ఆరు వాక్యాల మీదుగా, చివరి ప్రశ్న మీదుగా కూడా, ఎర్రసిరాతో నా రైటు గుర్తు. పక్కన ‘గుడ్’. తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒక బిడ్డ నన్ను ప్రశ్న అడిగితే నేను దానికి రైటు కొట్టాను.

అవ్వ చెప్పింది. పోయిన వానాకాలంలో కొడుకు తడిచేతులతో మోటారు స్టార్టరు పెట్టె తెరిచాడు. చెయ్యి దానికి అతుక్కుపోయింది. పాప పది అడుగుల దూరంలో నిలబడి చూస్తోంది. జల్లు పడుతోందని గొంగడి వేసుకుని మంద దగ్గర నుంచి వస్తున్న అవ్వ పరుగెత్తి, గొంగడితో పట్టి గుంజింది. ఇద్దరూ బురదలో పడ్డారు. కొడుకు బతికాడు. కుడిచేతి రెండు వేళ్లు మాత్రం ఇప్పటికీ వంగవు.

“అప్పటినించి పాప స్విచ్చి ముట్టుకోదు. వాళ్లమ్మ వచ్చి ఏసిందాంక చీకట్లోనే కూచుంటాది. ఇప్పుడు గొంగడి గూడా. గొంగట్లో తింటా ఎంటికలు ఏరుకున్నట్టు, గొర్లోళ్ల ఇంట్లో పుట్టి గొంగడికి భయపడితే ఎట్లమ్మా?” అంది.

పాపను పిలిపించాను. సన్నగా, గడ్డం ఛాతీకి ఆనించి నిలబడింది. గొంగడి ఎక్కడని అడిగాను. నా చెప్పుల వైపు చూస్తూ చెప్పింది.

“ఎర్తులో పెట్టినా మేడమ్.”

“ఎర్తులోనా?”

“మోటరు కాడ. కరెంటాయన వచ్చి గుంత తవ్వినాడు గదా. ఉప్పు, బొగ్గులు పోసి కడ్డీ పాతినాడు. దారి తప్పిన కరెంటు యాదైనా ఉంటే మడిసికి పోకుండా దీంట్లోకి దిగిపోతాదని చెప్పినాడు. దాని పక్కనే నేనూ గుంత తవ్వినా. గొంగడి పెట్టి, ఉప్పు ఏసి, దినానికి ఒక బిందె నీళ్లు పోస్తాండా. నాయన సోమారం పోతాడు. ఆ లోపల దిగిపోవల్ల గదా.”

“అంత దూరం దాన్ని ఎట్ల తీసుకుపోయినావు?”

“ఎండుకట్టెకు తగిలిచ్చి. లైన్మెన్లు కట్టెతోనే గదా తీగలు ముట్టేది.”

ఏనాడూ ముట్టుకోని మోటారు దగ్గరికి, నాయనను పట్టిన ఆ పెట్టె దగ్గరికి, ఈ పిల్ల రోజూ బిందె నీళ్లు మోసుకుపోయింది. నాకు ముందు భయం వేసింది, ఆ వెంటనే కోపం వచ్చింది, ‘బుద్ధుందా నీకు, తడిచేతులతో ఆ తట్టు పోతావా’ అని గట్టిగా అరిచాను. తరువాత ఆమెను దగ్గరికి తీసుకోవాలనిపించింది. తీసుకోలేదు. నేను అట్లాంటి మేడమ్‌ను కాదని పిల్లలందరికీ తెలుసు, నాకే కొంచెం సిగ్గనిపించింది. నిజం చెప్పాలంటే ఇరవై ఏళ్లలో నా పాఠాన్ని ఇంత శ్రద్ధగా ఎవరూ వినలేదు. విన్నదాన్ని ఇంత పద్ధతిగా ఎవరూ వాడలేదు. తప్పు ఆమె ఆలోచనలో లేదు, నేను చెప్పిన ఒక్క వాక్యంలో ఉంది.

బడి వదిలాక వాళ్ల చేనికి పోయాము. పాప నాయన ఫీజులు పీకి చేత్తో పట్టుకుని చూపించాకే నేను గుంత దగ్గరికి పోనిచ్చాను. ఆయన పారతో తీస్తే, నల్లటి గొంగడి బురద కారుతూ, ఉప్పు వాసనతో బయటికి వచ్చింది. అవ్వ దాన్ని చూసి తిట్టిన తిట్లు నేను ఇక్కడ రాయలేను. పాప ఆ తిట్లేవీ వినిపించుకోలేదు. వంగి, చెవి దగ్గర పెట్టి వింది.

“నాయనా, దులుపు” అంది.

ఆయన దులిపాడు. తడి గొంగడి థప్పుమంది గానీ చిటచిట లేదు.

“సూడు మేడమ్! పోయింది!” అని ఎగిరింది. అంత పెద్ద గొంతు ఆ పిల్లకు ఉందని నాకు అంతవరకూ తెలియదు.

తడిసిన ఉన్నిలో ఆవేశం నిలవదు, ఆరితే మళ్లీ వస్తుంది. ఆ సంగతి అప్పుడే చెప్పాలా వద్దా? చేసిన ప్రయోగం సరిగ్గా వచ్చిన పిల్లకు, నీ ఫలితం నిజమే గానీ కారణం అది కాదు అని ఎట్లా చెప్పేది? చెప్పలేకపోయాను. ‘ఆరనీ, చూద్దాం’ అని మాత్రం చెప్పి బస్సెక్కాను.

దారంతా దాని గురించే ఆలోచన. ఆ పిల్ల కడుపులో ఉన్న భయం నాకు స్పష్టంగా తెలుసు. గొంగడిలో మిగిలిన కరెంటు, జమ్మలమడుగు చేలల్లో నిద్రపోతున్న నాయనను మళ్లీ పట్టుకుంటుంది. ఆ రోజు సగంలో వదిలిన పని పూర్తి చేస్తుంది. ఈసారి లాగడానికి అక్కడ అవ్వ ఉండదు. సోమవారం తెల్లారేలోపు ఆ భయం పోకపోతే, మంద పోయినన్ని వారాలూ ఆ పిల్ల అన్నం తినదు.

అవ్వ గొంగడిని బోరు నీళ్లతో మూడుసార్లు ఉతికి, శుక్ర శనివారాలు బండ మీద ఆరేసింది. ఆదివారం పొద్దున్నే నేను పులివెందులలో ప్లంబింగు అంగడి దగ్గర ఆగి, తెల్ల ప్లాస్టిక్ పైపు మూరెడు ముక్క అడిగి తీసుకుని ఆ ఊరికి పోయాను. సెలవురోజు టీచరు వచ్చిందంటే ఎవరో ఫెయిలయ్యారని ఊరంతా అనుకుంది.

ఇంట్లో ప్రయాణం సర్దుతున్నారు. అవ్వ గొంగడిని దులిపింది. ఎండి గరగరలాడుతున్న ఉన్ని చిటచిటచిటమని మోగింది.

పాప గోడకు అతుక్కుపోయింది.

“మళ్లీ వచ్చె. మేడమ్, మళ్లీ వచ్చె. నాయనను పోవద్దని చెప్పండి.”

నేను పాఠం మొదలుపెట్టాను. గొంగడి పోగులు ఒకదానికొకటి రాచుకుంటే ఆవేశం పుడుతుందని, అది లోపల దాచుకున్నది కాదని, ప్రాణం తీసేంత బలం దానికి లేదని. నా గొంతు పెరుగుతోంది, ఆ పిల్ల ముఖం అంతకంతకూ ముడుచుకుంటోంది. మోటారు కరెంటూ ఇదీ ఒక ఇంటి బిడ్డలే అని నేనే కదా చెప్పాను. ఆమె ఆ మాటనే పట్టుకుని కూర్చుంది. వాళ్ల నాయన వచ్చి, ‘నేను ఇంకోటి కప్పుకుంటాలే మేడమ్, దాన్ని ఈడనే పెడ్తా’ అన్నాడు. ఇంకోటి వాళ్లింట్లో లేదు.

అప్పుడు పాపే అడిగింది.

“మేడమ్, కరెంటు పట్టని గొంగడి తెస్తే?”

“అంటే?”

“ఎప్పుడూ మోటరు కాడికి పోని గొంగడి. అదీ అరిస్తే… ఇది నాయన కరెంటు గాదని తెలుస్తాది గదా.”

నేను చెప్పాల్సిన మాట అది. సైన్సు చెప్పడానికి జీతం తీసుకుంటున్న దాన్ని, నాకు తట్టలేదు. నోరు మూసుకుని ఆమె వెనక నడిచాను.

ఊరి చివర ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన దొడ్డిలో కరెంటు తీగే లేదు, లాంతరుతోనే గడుపుతాడు. కొడుకు పెళ్లికి నేయించి, పెట్టెలోంచి తీయని కొత్త గొంగడి ఒకటి ఉందని అవ్వ చెప్పింది. అడిగితే ఆయన, ‘పాపకు చదువుకు గావల్నా? అయితే కొండబోండి మామా’ అని పాప నాయనతో చెప్పి ఇచ్చేశాడు. వేపాకు వాసన కొడుతోంది. దాన్ని తెచ్చి, నడింట్లోని చిన్నగదిలో తలుపులు మూసి, కిటికీకి గోనెపట్ట అడ్డం పెట్టాము. మిట్టమధ్యాహ్నం చీకటైంది. నలుగురం ఒకరికొకరం కనపడడం లేదు.

“దులుపు” అన్నాను పాపతో.

ఆమె ఊపిరి వినపడుతోంది. దులిపింది. చిటచిట మోగింది, మడతల్లో సన్నని నీలం మెరుపులు పాకాయి. నాకే ఒళ్లు జలదరించింది. ఎన్నిసార్లు చూసినా ఆ నీలం వెలుగు నన్ను చిన్నపిల్లను చేస్తుంది.

“ఇదీ మెరిచింది!” అంది పాప. భయంతో కాదు. మళ్లీ దులిపింది. మళ్లీ. “అవ్వా, ఇదీ మెరుస్తాది సూడు!”

తలుపులు తెరిచి, చాపమీద చెనిక్కాయల పొట్టు, వేరుశనగ గింజల మీది పలచటి పొర, పోశాను. పైపు ముక్క ఆమె చేతికిచ్చాను. పెద్దాయన గొంగడితో పైపును పదిసార్లు రుద్ది పొట్టు మీద పట్టుకుంది. ఎర్రటి పొట్టు గుంపుగా ఎగిరి పైపును కప్పేసింది. తరువాత నేను ఏమీ చెప్పలేదు, చెప్పాల్సిన పని రాలేదు. పైపును తడిగుడ్డతో తుడిచి చూసింది, పొట్టు కదల్లేదు. ఆరబెట్టి, రుద్దకుండా పట్టుకుంది, కదల్లేదు. రెండుసార్లు రుద్దింది, రెండు పొట్టుముక్కలు లేచాయి. ఇరవైసార్లు రుద్దింది, చాప ఖాళీ అయింది. పాప నాయన కూడా పక్కన గొంతుక్కూర్చుని, వంగని వేళ్ల మధ్య పైపు ఇరికించుకుని రుద్దాడు. చేతిమీద వెంట్రుకలు లేచి నిలబడితే ‘అబ్బో’ అని చిన్నపిల్లవాడిలా నవ్వాడు. పాప ఆయన చేతినే చూస్తోంది.

“రుద్దితేనే వస్తాది” అంది చివరికి, తనలో తాను లెక్క కట్టుకుంటున్నట్టు నెమ్మదిగా. “రుద్దకుంటే ల్యా. అయితే అది గొంగట్లో దాంకోని ల్యా. అప్పటికప్పుడు పుడతాది, అప్పటికప్పుడు పోతాది.”

“అంతే.”

“మరి నాయనను పట్టిన కరెంటు?”

“అది ఆ దినమే పోయింది. ఆయన చెయ్యి ఆ పెట్టె నుంచి ఊడిన నిమిషమే పోయింది. గొంగట్లోకి రానే రాల్యా. వచ్చేదానికి దారే ల్యా.”

అప్పుడు నేను ఒక మంచి పాఠం చెప్పాలనుకున్నాను. ఇంతసేపూ మూసుకున్న నోరు కదా. పొడి ఉన్ని కరెంటును పారనీయదని, పారనీయదు కాబట్టే దాని మీద చిటచిటలు నిలుస్తాయని, ఆ గుణమే వాళ్ల నాయన ప్రాణం కాపాడిందని చెప్పాను. ఆ రోజు జల్లు పైపైనే తగిలింది కాబట్టి సరిపోయింది గానీ, తడిసి ముద్దయి ఉంటే అదీ కాపాడేది కాదని కూడా చెప్పాను. ముందు ఫీజు పీకాలని నాలుగుసార్లు చెప్పాను. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది.

“మీ అవ్వ తెలివి సూడు పాపా. ఈ సంగతి ఆమెకు ఏ పుస్తకమూ చెప్పలే. గొర్లు కాసినోళ్లకు తాతలనాటి నుంచీ తెలిసిన విద్య ఇది. అందుకే ఆ దినం గొంగడే ఏసింది” అన్నాను.

అవ్వ తమ గొంగడిని ఒళ్లో పెట్టుకుని, దానికి పట్టిన పల్లేరుకాయలు ఒక్కొక్కటే తీస్తోంది. తల ఎత్తకుండానే అంది.

“నాకేం తెలుసు టీచరమ్మా? నాకేం తెల్దు.”

“మరి గొంగడి ఎందుకు ఏసినావు?”

“ఏసిందేంది? భుజాన ఉండె. వాడు కొట్టుకుంటాండె. రెండుచేతులూ సాపి వాణ్ని వాటేసుకునేదానికి పోతి. ఇది జారి మాయిద్దరికీ నడుమ పడె. పక్కకు తీద్దామనే అనుకున్యా, అడ్డమొచ్చిందని. తీసేదానికి టయిం యాడుండాది? అట్లనే పట్టుకుని గుంజినా.”

పాప నాయన చేతిలో పైపు ఆగిపోయింది. ఆయనకూ ఆ మాట అప్పుడే తెలిసిందని ముఖం చూస్తే అర్థమైంది. అవ్వ ఇంకో పల్లేరుకాయ తీసి గడప అవతల పారేసింది.

పాప నా వైపు తిరిగింది. రెండో బెంచీలో ఎప్పుడూ దించుకుని ఉండే కళ్లు, సూటిగా నా ముఖంలోకి చూశాయి.

“మేడమ్, అది నడుమ పడకుంటే అవ్వగూడా…”

అబద్ధం చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ పొద్దుటి నుంచీ ఆమె ఒక్కో సంగతీ తన చేత్తో రుద్ది, తడిపి, ఆరబెట్టి తేల్చుకుంది. ఆ పిల్లకు అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

“అవును పాపా. అవ్వగూడా” అన్నాను.

ఆమె పోయి అవ్వ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఇన్నాళ్లూ కట్టెతో తప్ప ముట్టని ఆ గొంగడిని రెండుచేతులతో లాగి, విదిలించి, అవ్వ తల మీదుగా కప్పి, చుట్టూ గట్టిగా పట్టుకుంది.

“ఏంది పాపా ఇది, పట్టపగలు గొంగడేంది, ఉడికిపోతాండా, ఇడ్సు” అని అవ్వ లోపలి నుంచి అరుస్తోంది. పెనుగులాడేకొద్దీ గొంగడి చిటచిటమంటూనే ఉంది. పాప చేతులు తీయలేదు.